నెమలికంఠం నీలం

కుడికంటికి శుక్లం ఆపరేషనై పట్టీ విప్పిన మర్నాడు మాణిక్యాలరావు మగ్గం గదిలోకి వెళ్లి, గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. మూలన పడేసిన నూలు నిగనిగలాడుతోంది. అచ్చమైన నెమలికంఠం నీలం. కుడికన్ను మూసి చూశాడు. నీలం పోయి మాసిన బూడిదరంగు మిగిలింది. తెరిచాడు. మళ్లీ నీలం.

వెళ్లి ఆ నూలు చేతిలోకి తీసుకున్నాడు.

ఆ నూలుకు రంగు వేసింది వెంకటదుర్గ. భర్త పోయాక ఆ పనితోనే బతుకుతున్న మనిషి. రంగు తగ్గించి మోసం చేసిందని అప్పట్లో బండారులంక నేతగాళ్లందరి ముందూ ఆమెను నిలదీశాడు. "ఒక్కసారి ఎండలోకి తెచ్చి చూడండి బాబాయిగారూ" అని ఆమె బతిమాలింది. అతను కదల్లేదు. పెద్దవాడి మాట కదా, ఆ తర్వాత ఎవరూ ఆమెకు నూలు ఇవ్వలేదు.

"ఇదేం రంగే?" అని భార్య బంగారమ్మను పిలిచి అడిగాడు.

"నీలం. అప్పుడూ నీలమేనండీ. చెబితే నా మీదా అరిచేరు."

అమలాపురంలో డాక్టరుగారు విడమరిచి చెప్పారు. "వయసుతో కంట్లో లెన్సు పచ్చబడుతుందండీ. వెలుగులో ఉన్న నీలాన్ని అదే ఆపేస్తుంది. లోపలికి చేరినదాన్నే మెదడు నిజమనుకుంటుంది. నెమ్మదిగా జరుగుతుంది కాబట్టి మనకి తెలీదు. మీ తప్పేం లేదు."

ఆ చివరి మాట అతనికి రుచించలేదు.

అటునుంచి అటే ఆటోలో వెంకటదుర్గ ఇంటికి వెళ్లాడు. ఆమె కొబ్బరిపీచు పనినుంచి అప్పుడే వచ్చి, పగిలిన చేతులకు నూనె రాసుకుంటోంది.

"నా కన్నే పాడైందమ్మా. నీ రంగు సరైనదే."

"కన్ను పాడైతే మీరేం చేస్తారండీ," అందామె. "ఎండలోకి రమ్మన్నాను. రెండడుగులు వెయ్యలేదు మీరు. అదే మర్చిపోలేకపోతున్నాను."



ఆ సాయంత్రమే నేతగాళ్లను పిలిచి, జరిగినదంతా చెప్పాడు. ఇద్దరు ముగ్గురు ఆమెకు మళ్లీ నూలు పంపారు. ఆమె రంగుల పొయ్యి మళ్లీ వెలిగించింది. ధైర్యం చేసి మాణిక్యాలరావు కూడా తన నూలు పట్టుకెళ్లాడు.

"మీది మాత్రం వద్దు బాబాయిగారూ. ఇప్పుడప్పుడే కాదు."

"ఆయ్," అని తలదించుకుని, మూట భుజానికెత్తుకున్నాడు.