మేస్త్రి వెంట వచ్చిన గుంత

షుజాత్ మేస్త్రి పొద్దున ఏడింటికి శంషాబాద్ బస్టాండు పక్కన చాయ్ తాగి, ఏడున్నరకల్లా డాంబర్ లారీ ఎక్కుతాడు. ఇరవై రెండేళ్లుగా అదే వరస. ఎయిర్‌పోర్టు వైపు పోయే సర్వీసు రోడ్ల మీద గుంతలు పూడ్చడం ఆయన పని. పని వచ్చిన మనిషే, అందులో అనుమానం లేదు. చెయ్యనియ్యరు, అదీ బాధ.

గుంత పూడ్చడమంటే నాలుగు తట్టలు పోసి తొక్కడమే అనుకుంటారు చాలామంది. కాదు. ముందు దాని అంచులు ఉలితో కొట్టి నలుచదరంగా చెయ్యాలి. లోపలి నీళ్లు తోడి, దుమ్ము ఊడ్చి, గోడలకు పల్చగా డాంబర్ పుయ్యాలి. అప్పుడు పొగలు కక్కే డాంబర్ కంకర మిక్సు రెండు పొరలుగా పోసి, పొరపొరకూ దిమ్మిస కొట్టాలి. కాంట్రాక్టరు తరఫు ఇంజనీరు నవీన్‌కుమార్‌కు ఇంత ఓపిక ఎక్కడిది?

"ఏం జేస్తున్నవ్ షుజాత్ భాయ్, పండ్లు పీకుతున్నవా? పొయ్యి, తొక్కు, నడువు. ఇయ్యాల ఇంకా ముప్పై ఉన్నయ్."

"సార్, లోపట నీళ్లున్నయ్. నిలవది."

"నిలవకుంటే మళ్ల పోద్దాం. మనం యాడికి పోతున్నం?"

షాద్‌నగర్ బస్సులు ఆగే కాడున్న గుంతను అట్లా పదకొండుసార్లు పోశారు. పదకొండుసార్లూ మూడోనాటికి కంకర లేచిపోయి, మళ్లీ నోరు తెరుచుకుని కూర్చుంది. పన్నెండోసారి పోసి షుజాత్ ఇంటికి పోతుంటే, అది రోడ్డు వదిలి ఆయన వెనకాలే వచ్చింది.

భార్య ఫహ్మీదా తలుపు తీసి తొంగి చూసింది. "ఎవరిని తోల్కొచ్చిన్రు?"

"బస్టాపుది."

"బయటనే ఉండమనుండ్రి. ఇప్పుడే కడిగిన వాకిలి."

అప్పట్నుంచి ఆయన ఎటు పోతే అటే. చాయ్ హోటల్లో దానికోసం బెంచీ కొంచెం జరిపేవాళ్లు. మసీదుకు పోతే చెప్పుల దగ్గర కూర్చునేది. స్కూటర్లవాళ్లు పక్కనుంచి తప్పుకుని పోయేవాళ్లు. ఎవరికీ తంటా లేదు, షుజాత్‌కు తప్ప. ఎందుకంటే గురువారం ఆయనకు రన్‌వే పరీక్ష!

తొమ్మిదేళ్లు అడగ్గా అడగ్గా, విమానాలు దిగే రన్‌వేను మరమ్మతు చేసే జట్టులో చేరడానికి పరీక్షకు రమ్మని పిలుపొచ్చింది. అక్కడ అంచు కొట్టకుండా, ఊడవకుండా చారెడు మిక్సు కూడా పొయ్యరట. పనిని పనిలాగా చెయ్యనిచ్చే చోటు. ఆ మాట తలుచుకుని షుజాత్ తనలో తానే నవ్వుకునేవాడు.

గురువారం గేటు దగ్గర అధికారి ప్రసన్నలక్ష్మి, గుంటూరు వైపు మనిషి, పాసు రాయబోతూ ఆయన వెనక చూసింది.

"మేస్త్రిగారూ, అది మీతోనేనా?"

"అవునమ్మా. మంచిదే, ఏమనది."

"ఏమనకపోతే మాత్రం రన్‌వే మీదికి గుంతను ఎలా రానిస్తానండీ? శనివారం రండి. ఒక్కరే రండి."

షుజాత్ మండిపోతూ నవీన్‌కుమార్ దగ్గరికి పోయాడు. "సార్, రెండు తట్టలు వేడి మిక్సు ఇయ్యుండ్రి. దాన్ని సక్కగ పూడ్చుకుంట."

ఇంజనీరు ఫోనులో బస్టాపు ఫొటో చూపించాడు. రోడ్డు నున్నగా ఉంది. "ఇగో, మన జాగల గుంత లేదు. నీ గల్లీల ఉన్నది. గల్లీ మన కింద రాదు."

"మన గుంతే సార్ అది!"

"ఉండె. ఇప్పుడు నీది. కాలనీ ఆఫీసుల దరఖాస్తు పెట్టుకో."

పెట్టాడు. ఆ సాయంత్రమే వాళ్లు వచ్చి చూసి, గల్లీ సిమెంటుది, గుంతేమో డాంబర్‌ది, మా లెక్కలోకి రాదని చెప్పిపోయారు.

శుక్రవారం పొద్దున షుజాత్ గుంతను వెంటబెట్టుకుని బస్టాపుకు నడిచాడు. "పండు," అన్నాడు. అది పాత చోటులోనే పడుకుంది. లారీ రాగానే దిమ్మిస కింద పెట్టి చేతులు కట్టుకున్నాడు.

"ఇప్పుడు మన జాగలనే ఉన్నది సార్. దీన్ని నా తీరుగ చేసేదాక ఇంకో గుంత ముట్ట."

నవీన్‌కుమార్ అరిచాడు, ఎవరెవరికో ఫోన్లు చేశాడు. బస్సులు హారన్లు కొట్టాయి. మిక్సు చల్లారిపోతుంటే చివరికి, "కానియ్ తండ్రీ, జర జల్ది!" అన్నాడు.

షుజాత్ జల్ది పడలేదు. అంచు కొట్టాడు, తోడాడు, ఊడ్చాడు, పూశాడు, పోశాడు. ఆఖరి దిమ్మిస దెబ్బకు గుంత పొడుగ్గా ఊపిరి వదిలి ఊరుకుంది. ఇంటికి పోతూ నాలుగుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ లేరు.

శనివారం పరీక్ష నెగ్గాడు. మెడలో పాసు వేశారు. సోమవారం ఎనిమిదింటికి చేరమన్నారు.

సోమవారం ఇస్త్రీ అంగీ తొడుక్కుంటుంటే ఫహ్మీదా తలుపు తీసి, అక్కడే ఆగిపోయింది. "వింటున్నరా? మీ కోసం వచ్చిన్రు."

గల్లీ ఈ కొసనుంచి ఆ కొసదాకా గుంతలు, ఒకదాని వెనక ఒకటి. బుద్వేల్‌వి, రావిర్యాలవి, పేరు తెలియని ఊళ్లవి. కొన్నింట్లో వాననీళ్లు తొణుకుతున్నాయి. ఒకదాంట్లో, బండ్లు చూసుకుని పోవాలని ఎవరో గుచ్చిన వేపకొమ్మ అట్లాగే ఉంది.

"ఏంది ఇది? దవాఖాన అనుకున్నరా?" షుజాత్ గడప మీదికొచ్చాడు. "ఇరవై రెండేళ్ల సంది ఒక్కడు చెయ్యనియ్యలె. ఇయ్యాలనే దొరికిందా మీకు?"

నోరారా తిట్టాడు. ఒక్కటీ కదల్లేదు.

"ఎనిమిదింటికి గేటు కాడ ఉండాలె కద?" అంది ఫహ్మీదా మెల్లగా.

"గిన్నిటిని ఏసుకొని పోతే ఆయమ్మ గేటు తీస్తదా?"

పాసు తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఉలి, సుత్తె అందుకుని గడప దిగాడు. వేపకొమ్మ గుచ్చుకున్నదాని పక్కన గొంతుకూర్చుని, కొమ్మను నొప్పి తెలియకుండా పైకి లాగుతూ అడిగాడు:

"నిన్ను ఎన్నిసార్లు పోసిన్రు?"