బోర్లించని పళ్ళేలు

సగం పళ్ళేలు కడిగేసరికి గవరమ్మకు ఎడమ భుజం లాగడం మొదలైంది. రాత్రంతా కంటిమీద కునుకు లేదు కదా, అందుకేలే అనుకుని చెయ్యి ఓసారి విదిలించి మళ్ళీ నీళ్ళలో పెట్టింది.

ప్లాస్టిక్ టబ్బు అడుగున పాత తువ్వాలు పరిచి, గోరువెచ్చటి నీళ్ళు పోసుకుంది. చంటిబిడ్డకు నీళ్ళు పోసేటప్పుడు వీపు కింద చెయ్యి వేసినట్టు, ఒక్కో పళ్ళెం కిందా అరచెయ్యి ఆనించి వేళ్ళతోనే కడుగుతోంది. పీచు తగలనివ్వదు. అంచు మీది బంగారు గీత ఇప్పటికే అక్కడక్కడా చెరిగిపోయింది. వెలుగుకు పెట్టి చూస్తే వెనకనున్న వేళ్ళ నీడ కనబడేంత పల్చటి పింగాణీ. ఒక్కో పళ్ళెంలో ఒక్కో పువ్వు. ఎవరో ఇంగ్లీషు దేశంలో కూర్చుని సన్నటి కుంచెతో వేసినవట. ఒకదాన్లో గులాబీ రేకు మీద చిన్న పురుగు ఉంది. ఇన్నేళ్ళుగా కడుగుతున్నా, దాన్ని చూసినప్పుడల్లా విదిలించబోయి ఆగిపోతుంది.

డెలానీపూర్‌లో గవరమ్మ పనిచేసే ఆ ఇల్లు శ్రీలక్ష్మి గారిది. ఆవిడ మామగారి తండ్రి ఒకప్పుడు ఈ దీవిలో ఇంగ్లీషు దొర దగ్గర వంట చేసేవాడు. యుద్ధం రోజుల్లో దొరలు ఓడెక్కిపోతూ ఈ పళ్ళేలు వదిలేశారు. జపాను వాళ్ళు దీవిని ఏలినన్నాళ్ళూ ఆయన వాటిని గోనెల్లో చుట్టి కొబ్బరిచెట్ల మధ్య పాతిపెట్టాడు. అంతగా దాచినవాటిని ఇప్పుడు అమ్మేస్తున్నారు. బిడ్డలెవరికీ అక్కర్లేదు. వాన పడితే ఇంటి కప్పు కురుస్తోంది.

తుడిచిన పళ్ళేన్ని గవరమ్మ పువ్వు పైకి ఉండేలా గుడ్డ మీద పెట్టింది. నీళ్ళు కారిపోతాయని ఎవరైనా బోర్లిస్తారు. గవరమ్మ బోర్లించదు. మగవాడు నీళ్ళ మీద ఉండగా ఆడది గిన్నె బోర్లిస్తే పడవ బోర్లపడుతుందని, కాపురానికి వచ్చిన రోజునే అత్త కాళమ్మ చెప్పింది. శ్రీకాకుళం తీరం నుంచి ఓడెక్కి వస్తూ గవరమ్మ తెచ్చుకున్న సామానంతా ఒక రేకు పెట్టెలో పట్టింది. ఈ మాట మాత్రం పెట్టెలో పట్టక, ఆమె ఒంట్లోనే ఉండిపోయింది. మొగుడు పోలిరాజు చేపల వేటకు వెళితే గంజి వార్చేది కాదు, అత్తెసరు పెట్టేది. కడిగిన తపేలాలు గోడకు వారగా ఆనించేది. పోలిరాజు ఏ తుఫానులోనూ మునగలేదు. కామెర్లు వచ్చి, ఇంట్లో మంచం మీద పోయాడు. అప్పుడు కూడా గవరమ్మ, నీళ్ళు మాత్రం తన మనిషిని తీసుకోలేదు కదా అనుకుంది.

ఇప్పుడు కొడుకు చిట్టిబాబు నీళ్ళ మీద ఉన్నాడు. నిన్న సాయంత్రానికే రావాలి. ఫోను కలవలేదు. రాత్రి గాలికి ఇంటి రేకులు ఎగిరిపోతాయేమో అనిపించింది. భయపడటం గవరమ్మకు వంట చెయ్యడం లాంటిది, రోజూ ఉన్న పనే. కానీ ఈ రాత్రి ఆ పని తెల్లారినా తెమల్లేదు.

"దీదీ, టీవీలో ఏటైనా సెప్పారేటి?" అని వంటింట్లోంచే అడిగింది.

"ఏమీ చెప్పలేదు గవరమ్మా. వచ్చేస్తాడులే. రోజుకోసారి వాణ్ణి నువ్వే ముంచి తేలుస్తున్నావు," అంది శ్రీలక్ష్మి.

"ఓలమ్మో, ఆ మాట అనకు దీదీ!"

పది దాటాక చెన్నై నుంచి మణికుమార్ వచ్చాడు. పాత సామాన్ల వ్యాపారి, మంచి మాటకారి. భోజనాల బల్ల మీద దుప్పటి పరిపించి, మొదటి పళ్ళెం అందుకుని, పువ్వు వంక చూడనైనా చూడకుండా వెనక్కి తిప్పాడు. "అసలు సంగతి వీపు మీదే ఉంటుంది మేడమ్," అంటూ అడుగున ఉన్న చిన్న గుర్తు చూపించాడు. దాన్ని అలాగే బోర్లించి పెట్టి రెండోది అందుకున్నాడు. తరవాత మూడోది.

గవరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆపుకోలేక ముందుకొచ్చింది.

"సాబ్, ఉల్టా మత్ రఖో. నా కొడుకు సముందర్‌లో ఉన్నాడు బాబూ."

అతనికి అర్థం కాక శ్రీలక్ష్మి వైపు చూశాడు. ఆవిడ సంగతి చెప్పి, సిగ్గుపడుతున్నట్టు నవ్వింది. "అరే గవరమ్మా, ఇవి పళ్ళేలు. పడవలు కావు."

"ఏక్ దో ఘంటే, అంతే అమ్మా. మబ్బు పోతే ఫోటోలు తీస్తాను. వరసలో పెట్టాను, ఎవరూ ముట్టుకోవద్దు," అన్నాడు మణికుమార్ మర్యాదగానే. ఇద్దరూ భోజనానికి అబర్డీన్ బజారుకు వెళ్ళారు. వెళుతూ శ్రీలక్ష్మి గుమ్మంలో ఆగి, "బేరం చెడగొట్టకు తల్లీ," అంది.

ఇల్లు నిశ్శబ్దమైపోయింది. బల్ల మీద పళ్ళేలన్నీ చచ్చిన చేపల్లా తెల్లటి కడుపులు పైకి పెట్టి పడున్నాయి. గవరమ్మ వాటిని చూడకూడదని వంటింట్లోకి వెళ్ళింది. గట్టు తుడిచింది. తుడిచిందే మళ్ళీ తుడిచింది. ఈ పని పోతే ఈ వయసులో ఇంకొకరు పెట్టుకోరు. పెట్టుకోకపోతే పోనీ. రేపు జెట్టీ మీద ఎవరో వచ్చి, 'నీ కొడుకు పడవ...' అని మాట మింగేస్తే, ఈ పని దేనికి?

చేతులు తుడుచుకుని వచ్చి, గులాబీ పళ్ళెం కింద రెండు చేతులూ వేసింది. ఎత్తి, తిప్పి, ఉన్న చోటే పెట్టింది. వరస చెదరనివ్వలేదు. ఒక్కోదానికీ ఊపిరి బిగబట్టి, కింద ఆనాక వదిలింది. భుజం నొప్పి మోచేతి దాకా జారింది. మెడ వెనక చెమట చల్లగా దిగుతోంది. మధ్యలో ఒకసారి బల్ల అంచు పట్టుకుని నిలబడిపోయింది. పళ్ళెం జారితే ఏమవుతుందో అన్న భయమే తప్ప, తన ఒంటి గురించి ఆమెకు భయం వెయ్యలేదు. ఆ అలవాటు లేదు. చివరిది తిప్పాక పువ్వులన్నీ ఒక్కసారిగా పైకి చూశాయి.

అప్పుడే ఫోను మోగింది.

"అమ్మా! జెట్టీకి వచ్చీసినాం. ఇంజను ఆగిపోతే రాత్రంతా హట్ బే రేవు కాడే ఉండిపోనాం. సిగ్నల్ లేదు. ఏడ్సీసుంటావు కదేటి?"

"నానెందుకు ఏడుత్తానురా?" అంది గవరమ్మ, కళ్ళు కారిపోతుండగా. "ఏటైనా తిన్నావా?"

"ఇంకా లేదే. నీకోసం వంజరం తలకాయ ఉంచాను. కొనడానికి నలుగురడిగినా ఇయ్యలేదు. దీదీ ఇంటికే తెచ్చీత్తాను, పులుసెట్టీ."

"ఇంట్లో సింతపండు నేదురా. దార్లో కొనుక్కురా."

కొడుకు రాత్రే ఆ రేవులో ఒడ్డుకు చేరి, నిద్రపోయి లేచాడన్న లెక్క ఆమెకు తట్టలేదు. తట్టినా ఒప్పుకునేది కాదు. పళ్ళేల వంక కృతజ్ఞతగా చూసింది. ఒళ్ళంతా బరువుగా ఉంది. ఓ పక్క హాయిగానూ ఉంది. వంటింటి గోడకు చేరగిలబడి, కాళ్ళు చాపుకుని కూర్చుంది. పనిచేసే ఇంట్లో ఆమె అలా కాళ్ళు చాపుకుని కూర్చోవడం ఎవరూ ఎన్నడూ చూడలేదు.

శ్రీలక్ష్మి తిరిగొచ్చి బల్ల వైపు చూసి, "అనుకున్నా, తిప్పేసిందీ మహాతల్లి," అని కోపంగా వంటింట్లోకి నడిచింది. గోడకు ఆనుకున్న మనిషిని చూసి గొంతు తగ్గించింది. రాత్రంతా నిద్రలేదు పాపం, పోనీ పడుకోనీ అనుకుంది. మణికుమార్ చప్పుడు చెయ్యకుండా ఫోటోలు తీసుకున్నాడు. ఈసారి పువ్వులవి కూడా తీశాడు. టీ పెట్టి, గ్లాసు అందించబోయి భుజం తట్టినప్పుడు గాని, ఆ ఒళ్ళు చల్లబడిందని శ్రీలక్ష్మికి తెలియలేదు.

చిట్టిబాబు వచ్చేసరికి గేటు దగ్గర ఇరుగుపొరుగు నిలబడి ఉన్నారు. వాళ్ళు దారి ఇచ్చిన తీరు చూసి, అడగకుండానే చేతిలోది మెట్ల మీద పెట్టేసి లోపలికి పరిగెత్తాడు. మెట్టు మీది సంచిలో మంచు కరిగి, ఎర్రటి నీళ్ళు సన్నగా కారుతున్నాయి. వంజరం తలకాయ పైన, తడవకుండా విడిగా కవరులో చుట్టిన చింతపండు పొట్లం ఉంది.