మూసిన కట్టలోని ముప్పై ఎనిమిది చీటీలు

మా జిల్లా మలేరియా ఆఫీసర్ వెంకటరామారావు గారికి కంప్యూటర్ అంటే భలే మోజు. దాన్ని ముట్టుకోవడం రాదు, కానీ ఎవరు ఖమ్మం వచ్చినా మా ఏసీ గదికి తీసుకొచ్చి, చెప్పులు విప్పించి మరీ చూపించేవాడు. అది చూస్తే నాకు ఒళ్లు మండేది. అయినా ఆయన్ని అనేముందు నన్ను నేను అనుకోవాలి. ఆ మోజు పెంచింది నేనే కదా!

తొంభై మూడో సంవత్సరం సంగతి చెబుతున్నాను. జిల్లాలో ఏ ఊళ్లో ఎవరికి జ్వరమొచ్చి రక్తం పరీక్ష చేసినా ఆ చీటీ మా ఆఫీసుకు వచ్చేది. పేరు, వయసు, ఊరు, తేదీ, మలేరియా ఉందా లేదా, అంతే. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించడం మా పని. అప్పటికి రెండు లక్షల చీటీలు ఎక్కాయి. పైనుంచి రోజూ ఒకటే ప్రశ్న, ఏ ఊళ్లో జ్వరాలు ఎక్కువున్నాయి అని. జవాబు రావాలంటే మిషను రెండు లక్షల చీటీలూ మొదటి నుంచి చివరిదాకా చదవాలి. దానికి మూడు గంటలు పట్టేది. మధ్యలో కరెంటు పోయిందా, మళ్లీ మొదటికే. వానాకాలంలో కరెంటు ఎప్పుడుండి ఏడ్చింది గనక!

అందుకని నేనొక తెలివి చేశాను. మిషన్లో చీటీలు మండలానికి, నెలకు ఒక కట్టగా ఉండేవి. ఒక్కో కట్టలో ఏయే ఊళ్లున్నాయి, ఏ ఊళ్లో ఎంతమందికి మలేరియా తేలింది అని ఒక చిన్న పట్టిక తయారుచేసి, దానికి సమ్మరీ అని పేరు పెట్టాను. ఎవరైనా ప్రశ్న అడిగితే మిషను చీటీల జోలికే పోదు, సమ్మరీ చూసి చెప్పేస్తుంది. నెల అయిపోయాక ఐదో తారీఖున ఆ కట్ట మూసినట్టు లెక్క. మూసిన కట్టను మళ్లీ తెరిచి చదవొద్దని ప్రోగ్రాంలో నా చేత్తోనే రాశాను. గడిచిపోయిన నెలలో కొత్తగా ఏం పుడుతుందిలే అనుకున్నాను. మూడు గంటల పని రెండు నిమిషాలకు వచ్చింది. ఆఫీసర్ గారు ఆ రెండు నిమిషాల గురించి హైదరాబాద్ దాకా డప్పు కొట్టుకున్నాడు. నేనూ మురిసిపోయాను, దాచడమెందుకు.

ఆగస్టు మూడో వారం గురువారం పొద్దున ఒక పెద్దాయన మా ఆఫీసుకు వచ్చాడు. పేరు లచ్చిరాం. ములకలపల్లి అవతల అడవిలో రాళ్లవాగు తండా ఆయనది. తండాలో జ్వరమొచ్చిన వాళ్ల రక్తపు చుక్క తీసి దవాఖానాకు మోసేది ఆయనే. వాగు దాటి, నడిచి, రెండు బస్సులు మారి వచ్చాడు. పంచె మోకాళ్ల దాకా బురద. ఏసీ గదిలోకి వస్తే బురదవుతుందని ఆఫీసర్ గారు ఆయన్ని గుమ్మం బయటే నిలబెట్టాడు.

“సారూ, డాక్టర్ జీపు మా తండకు ఎప్పుడొస్తది?” అని అడిగాడు లచ్చిరాం.

“మీ తండాలో జ్వరాలే లేవయ్యా. జులైలో సున్నా. కంప్యూటర్ చెప్పిందిగా!” అన్నాడు ఆఫీసర్ గారు.

“సున్నా ఏంది సారూ? మలేరియా తేలిన ముప్పై ఎనిమిది మంది చీటీలు నేనే తెచ్చి ఇచ్చిన. గోళీలు అయిపోయినయ్. పిల్లలు లేవలేకున్నరు.”

జిల్లాలో జ్వరాలున్న ఊళ్లకు పోవడానికి ఉన్నది ఒకటే జీపు. డాక్టర్ మహబూబ్ అలీ, మందులు అన్నీ అందులోనే. సోమవారం పొద్దున ఎక్కడికి పంపాలని అడిగితే రెండు నిమిషాల్లో జవాబు తీసి ఇచ్చింది నేనే. మణుగూరు రోడ్డు మీద ఒక కాలనీలో పంతొమ్మిది జ్వరాలున్నాయని వచ్చింది. మధ్యాహ్నానికల్లా జీపు అటు పోయింది. ఇప్పుడు మందులు నింపుకోవడానికి వచ్చి కింద ఆగి ఉంది, పదకొండుకు మళ్లీ ఆ కాలనీకే పోతుంది. పది రోజులు అక్కడే ఉండాలని ఆర్డరు.

మా సీనియర్ గుమాస్తా చెంచురామయ్య గారిని అడిగాను.

“అవ్, ఇచ్చిండు,” అన్నాడాయన. “వాగు పొంగి రాలేకపోయిండంట, ఈ నెల పన్నెండో తారీఖు తెచ్చిండు. చీటీల మీద జులై తారీఖులున్నయ్, జులై కట్టలనే ఎక్కించిన. ఏ నెల కాయితం ఆ నెల కట్టల ఉండాలె గదమ్మా. ముప్పై ఏండ్ల సంది గట్లనే చేస్తున్న.”

ఆయనది తప్పంటానా? పద్ధతిగా చేశాడు, పాపం. ఐదో తారీఖున మూసిన కట్టలోకి పన్నెండో తారీఖున చీటీలు వెళ్లాయి, సమ్మరీకి ఆ సంగతే తెలియదు. కట్టలో చివరి చీటీ ఎప్పుడు ఎక్కిందో, సమ్మరీ ఎప్పుడు తయారైందో పక్కపక్కన రెండు తేదీలు పెట్టి ఉంటే చాలు. చీటీ ఎక్కిన తేదీ కొత్తదైతే ఆ ఒక్క కట్టే మళ్లీ చదవాలి. అంతమాత్రం ఆలోచన నాకు రాలేదు. ఛీ, నా తెలివి తగలెయ్య!

జులై కట్ట తెరిపించాను. చదవడానికి నాలుగు నిమిషాలు పట్టింది. రాళ్లవాగు తండా, ముప్పై ఎనిమిది.

“సార్, జీపు తండాకు పోవాలె,” అన్నాను.

ఆఫీసర్ గారు తెర వంక చూశాడు. తలుపు దగ్గరగా వేసి గొంతు తగ్గించాడు. “సోమవారం రిపోర్టు మీద సంతకం పెట్టేశానమ్మా. ఇప్పుడు తప్పంటే మన పరువేం కాను? ఒక పని చెయ్యి. సమ్మరీలో సున్నా ఉంది కదా, కట్టలో ఆ ముప్పై ఎనిమిదీ తీసేయ్. రెండూ సరిపోతాయి. వచ్చే నెలలో కొత్తగా ఎక్కిద్దాం.”

థూ! లెక్క తప్పితే లెక్క దిద్దుకోవాలి గానీ, జ్వరంతో పడున్న మనుషులను తీసేసి లెక్క సరిచేస్తారా? అవతల గుమ్మం దగ్గర ఆ ముసలాయన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఈయన సెంటు వాసన కొడుతున్న రుమాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. ఆ వాసన ఇప్పటికీ నాకు పడదు.

“తీసేయాలంటే మీరే తీసేయుండ్రి సార్. కీబోర్డు అదిగో,” అన్నాను.

ఆయన కీబోర్డు వైపు చూశాడు, నా వైపు చూశాడు. మెమో ఇస్తానన్నాడు, సస్పెండ్ చేయిస్తానన్నాడు. నేను ప్రింటర్ ఆన్ చేశాను. అది కీచుకీచుమంటూ ముప్పై ఎనిమిది పేర్లూ కొట్టింది. కాగితం చింపుకుని, లచ్చిరాంను వెంటబెట్టుకుని కిందికి పరుగెత్తాను.

డాక్టర్ మహబూబ్ అలీ జీపు ఎక్కబోతున్నాడు.

“ఆర్డర్ ఉందామ్మా?” అన్నాడు.

“లేదు సార్. చీటీలున్నయ్.”

ఆయన కాగితం మీద అంకె చూశాడు. “యా అల్లా! కాలనీలో పంతొమ్మిది మందికీ మందులిచ్చేసిన. అక్కడ ఊకనే కూసుండుమంటరు, ఇక్కడ గిట్లనా? వాగు మళ్లా పొంగకముందే తండకు పోవాలె. నువ్వు పేరు, వయసు చదువు. ఎవరి గోళీలు వాళ్లకు నేను కడత.”

జీపు బానెట్ మీద మందుల డబ్బా తెరిచాడు. నేను చదువుతున్నాను, ఆయన పొట్లాలు కడుతున్నాడు. పొట్లాలు తారుమారు కాకుండా లచ్చిరాం సంచిలో వరుసగా పెట్టుకుంటున్నాడు. రూప్లా, నలభై. లాల్‌సింగ్, పన్నెండు. సోమ్లి, ఏడు.

“అది వద్దు సారూ,” అన్నాడు లచ్చిరాం. “మంగళారం నాడు పోయింది.”

డాక్టర్ చేయి ఆగింది. “నీకేమైతది?”

“మనుమరాలు.”

సోమవారం మధ్యాహ్నం ఈ జీపు అటు పోయి ఉంటే సాయంత్రానికి తండాలో ఉండేది. ఆ లెక్కకు నాకు ఏ మిషనూ అక్కర్లేకపోయింది. పైన ఉన్న మనిషి మీద ఎంత అసహ్యం వేసిందో, అంతకు రెండింతలు నా మీద నాకు వేసింది.

“పెద్దాయనా,” అన్నాను. “తప్పు మిషన్ది కాదు, నాది. మూసిన కట్ట చూడొద్దని రాసింది నేనే.”

ఆయన నా మొహంలోకి చూశాడు. తిడితే బాగుండుననిపించింది.

“తతిమ్మోళ్లవి చదువమ్మా,” అన్నాడు. “జల్దీ చదువు.”

చదివాను.