కరెంటు పెట్ట

"గుడ్లకి కూడా దిష్టిచుక్కలేనా?" అంది పద్మావతమ్మ, గడప మీద కూచుని వక్క కత్తిరిస్తూ. "కడుపున పుట్టినవాళ్ళకి పెట్టుకునే యోగం లేకపోయింది. ఫారం గుడ్లకి పెట్టుకుని మురిసిపోతోంది మా కోడలు."

మాణిక్యమ్మ పెట్టె మూత కాస్త ఎత్తి, లోపలి వేడి బయటికి పోకుండా చెయ్యి మాత్రం దూర్చి, గుడ్లని ఒక్కొక్కటే దొర్లిస్తోంది. కాటుక చుక్క పైకి ఉన్నదాన్ని కిందికి, కిందికి ఉన్నదాన్ని పైకి. ఏది తిప్పిందో ఏది తిప్పలేదో గుర్తుండడానికి ఆ చుక్క. పొయ్యి రాజెయ్యకముందు ఒకసారి, అంట్లు తోమాక ఒకసారి, దీపాలు పెట్టే వేళకి ఇంకోసారి. తిప్పకపోతే లోపలి పిల్ల పెంకుకి అంటుకుపోతుందని మొగుడు చెప్పాడు. చెప్పడం అతని వంతు, తిప్పడం ఈమె వంతు. ఆ ఇంట్లో ఏ పనినైనా అలాగే పంచుకున్నారు.

మొగుడు వెంకటకృష్ణారావు బీసెంటు రోడ్డులో కరెంటు సామాన్ల కొట్లో గుమాస్తా. ఏదో పత్రికలో బొమ్మ చూసి, టీపొడి వచ్చే చెక్కపెట్టె ఒకటి సంపాదించి, లోపల బల్బులు బిగించి, నీళ్ళ గిన్నే ధర్మామీటరూ పెట్టి, ఇంక్యుబేటర్ అన్నాడు. తల్లికి నోరు తిరగక "కరెంటు పెట్ట" అంది. గుణదలలో వాళ్ళ వీధి వీధంతటికీ ఆ పేరే ఖాయమైపోయింది. విడతకో పెట్టెడు పిల్లల్ని దింపి అమ్ముకుంటే, గుమాస్తాగిరీ వదిలేసి యజమాని మొహాన తాళంచెవులు కొట్టొచ్చని అతని ఆశ.

మాణిక్యమ్మ ఆశ వేరు. పెళ్ళయి ఏళ్ళు గడిచినా కడుపు పండలేదు. ఎన్ని ఆస్పత్రులో ఎక్కింది, ఎన్ని బల్లల మీదో పడుకుంది. ఒక డాక్టరమ్మ "ఈసారి మీ ఆయన్ని కూడా లోపలికి తీసుకురామ్మా" అంటే, ఆ మాట ఇంటికొచ్చి చెప్పినందుకు "నాకేమే, దుక్కలా ఉన్నాను" అని కంచం తోసేశాడు. గుణదల కొండ మీద మేరీమాతకి కొవ్వొత్తులు వెలిగించి రమ్మని అత్తగారే పంపింది. ఆ తల్లీ పలక్కపోయేసరికి, మంగళగిరిలో దూరపు చుట్టం హనుమయ్య కూతురు రావమ్మ పేరు ఇంట్లో వినపడడం మొదలైంది. రెండో పెళ్ళి చేసుకుంటే కేసవుతుందేమో అని ఎవరో అంటే, "పెట్టేదెవరూ? ఇదా?" అంది పద్మావతమ్మ, కోడలు పక్కన నిలబడి చారు పోస్తుండగానే.

"ముందీ పెట్టె సంగతి తేలనీ అమ్మా" అన్నాడు కొడుకు. ఆ పూటకి మాట దాటెయ్యడానికన్నాడు. పద్మావతమ్మ దాన్నే పట్టుకుంది.

"సరే రా. దీని చేత్తో పొదిగించినవి పిల్లలైతే దీని చేతిలో జీవం ఉందనుకుంటాను. ఇంకో ఏడాది చూస్తాను. కాలేదూ, ఆ రోజే మంగళగిరికి కబురు పెడతాను."

నవ్వుతూనే అంది. ఆవిడ నవ్వుతూ అన్న మాటలే ఎప్పుడూ జరిగేది.

అందుకే కరెంటు పోయినప్పుడల్లా మాణిక్యమ్మకి ప్రాణం పోయినట్టుండేది. నీళ్ళు కాచి సీసాల్లో పోసి, పాతగుడ్డలు చుట్టి గుడ్ల పక్కన పెట్టేది. ఒకనాడు కట్టెలు పచ్చివై పొయ్యి అంటుకోక, గుడ్లన్నీ ఒళ్ళో వేసుకుని, చీరచెంగు కప్పి ముడుచుకుని కూచుంది. నిప్పు కోసం వచ్చిన పక్కింటి శౌరమ్మ చూసి, "పొదిగేది పెట్టె అనుకుంటున్నానే వదినా, పెట్టవి నువ్వా?" అంది. ఇద్దరూ నవ్వుకున్నారు. శౌరమ్మ వెళ్ళాక కూడా మాణిక్యమ్మ లేవలేదు. కరెంటు వచ్చి బల్బులు వెలిగినా లేవలేదు. పొట్టకి ఆ వెచ్చదనం ఆనుకుని ఉంటే, ఎవరూ చూడకుండా ఎవరి సొమ్మో దాచుకున్నట్టనిపించింది. అత్తగారి దగ్గు వినపడ్డాక గబగబా పెట్టెలో సర్దేసింది.

మర్నాడు పొద్దున బావి దగ్గర అంట్లు తోముతోంది. శౌరమ్మ వాళ్ళ పుంజు పిట్టగోడెక్కి, మెడ సాచి కూసింది. రోజూ కూసేదే. ఆ రోజు మాత్రం మాణిక్యమ్మ చేతిలో పీచు ఆగిపోయింది.

కంకిపాడు దగ్గర ఫారం గుర్తొచ్చింది. గుడ్లు తేవడానికి మొగుడు తననీ తీసుకెళ్ళాడు. సరదాకేం కాదు, బస్సు కుదుపులకి పగలకుండా, ఊకలో సర్దిన గుడ్ల గంప పెట్టుకోవడానికి ఒక ఒడి కావాలి. నాటుగుడ్లు వద్దన్నాడు, చిన్నవట, మట్టిమొహంవట. ఫారం గుడ్లయితే తెల్లగా పెద్దగా ఉంటాయి, పిల్లలూ అలాగే దిగుతాయన్నాడు. పిల్లల కోసమని అక్కడ నోరు జారకు, మన ఐడియా కొట్టేస్తారు అని, హోటలుకని చెప్పి తీసుకున్నాడు. షెడ్డు నిండా తెల్లటి కోళ్ళు, ఎర్రటి జుట్లు, ఒకటే గోల. ఆ చుట్టుపక్కల పల్లెలోనే పుట్టి కోళ్ళ మధ్య పెరిగిన మనిషి తను. నిలబడ్డంతసేపూ ఏదో లోటుగా ఉంది, ఇంట్లో గడియారం ఆగిపోతే ఉన్నట్టు. అదేమిటో తేల్చుకోకముందే "బస్సుకి వేళైంది, కదులు" అన్నాడు. ఇప్పుడు తెలిసింది. అన్ని కోళ్ళున్న చోట ఒక్క కూత లేదు. అక్కడ పుంజే లేదు. తినే గుడ్లకి పుంజుతో పనేముంది?

చేతులు తుడుచుకుని వచ్చి పెట్టెలోంచి ఒక గుడ్డు తీసింది. అమ్మ చేసినట్టే పిడికిలి గొట్టంలా చుట్టి, పైన గుడ్డు నిలిపి ఎండకేసి చూసింది. పిల్ల కట్టిన గుడ్డయితే ఈపాటికి ఎర్రటి నరాలు కనపడాలి. కాటుక చుక్క నీడ తప్ప లోపల ఏమీ లేదు.

మధ్యాహ్నం అన్నం పెడుతూ చెప్పింది.

"ఏవండీ, ఆ ఫారంలో పుంజుల్లేవండీ."

"అయితే?"

"పుంజు తొక్కని గుడ్డు పిల్ల కాదు కదండీ."

"పెట్టేది పెట్ట. పొదిగేది పెట్ట. మధ్యలో పుంజెందుకే?" అన్నాడు వెంకటకృష్ణారావు ముద్ద కలుపుతూ. "వేడి సరిగ్గా ఉందో లేదో అది చూసుకో చాలు."

"వేడి తప్పు కాదండీ. తిప్పే చేతి తప్పూ కాదు. పుంజు లేకపోతే ఎన్నాళ్ళు పొదిగినా..."

మాట నోట్లోంచి వచ్చాకే ఇద్దరికీ వినపడింది. అతని చెయ్యి కంచంలో ఆగింది. గడప దగ్గర వక్కల కత్తెర చప్పుడు కూడా ఆగింది.

"ఏమన్నావు?"

"గుడ్ల సంగతేనండీ."

"గుడ్ల సంగతైతే గుడ్ల సంగతిలాగే మాట్లాడు."

"తన వల్ల కాదని ముందే తెలిసి సాకు వెతుక్కుంటోందిరా" అంది పద్మావతమ్మ. "ఇన్నాళ్ళూ దేవుడికి వంక పెట్టింది. ఇప్పుడు పుంజుకి పెడుతోంది."

అతను కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు. "గడువు దాకా తిప్పు. ఒక్కపూట తప్పినా ఊరుకోను."

తిప్పింది. ఏమీ లేదని తెలిసిన గుడ్లని, మూడుపూటలా, చుక్క పైకీ కిందికీ మారుస్తూ తిప్పింది. మానేస్తే తిప్పకే పాడయ్యాయంటారు. తిప్పుతూ ఉంటే కనీసం ఆ మాట అనలేరు. కరెంటు పోతే నీళ్ళు కూడా కాచింది. తను పడుకున్న ఆస్పత్రి బల్లలన్నీ ఆ చేతుల కిందుగా దొర్లిపోయేవి. అన్నిచోట్లా తననే తిప్పి చూశారు. బయట వరండాలో బీడీ కాల్చుకుంటూ నిలబడ్డ మనిషిని లోపలికి రమ్మని గట్టిగా పిలిచిన వాళ్ళు లేరు. పిలవమని అడిగే నోరు తనకీ లేకపోయింది. ఇప్పుడు నోరొచ్చింది. వచ్చి ఏం చేసింది? ఒక పూట అన్నం పాడు చేసింది.

గడువుకి ముందే వాసన మొదలైంది. ఒక గుడ్డు పెట్టెలోనే ఠప్పుమని పగిలింది. చివరి రోజున వెంకటకృష్ణారావు ఒకదాన్ని తూము మీద కొట్టి చూశాడు. పచ్చటి నీళ్ళు కారాయి.

"చల్లబెట్టేసింది" అన్నాడు.

"దాని చెయ్యే అంత" అంది తల్లి. అన్నట్టుగానే ఆ రోజే మంగళగిరికి మనిషిని పంపింది.

రావమ్మ చెడ్డపిల్ల కాదు. కాపరానికి వచ్చిన రోజే "మా నాన్న మాట కాదనలేకపోయానక్కయ్యా" అని ఏడ్చింది. మాణిక్యమ్మ మంచం కరెంటు పెట్ట ఉన్న వసారాలోకి మారింది. పనులు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. ఒక ఎండాకాలం పోయింది, వానలూ పోయాయి. పద్మావతమ్మ చూపు మెల్లగా కొత్తకోడలి నడుము మీదికి దిగింది. "ఏమే, ఇంకా ఏం లేదా?" అని మొదట్లో ముద్దుగా అడిగేది. ఇప్పుడు ముద్దు తగ్గింది. పోయిన వారం ఆ పిల్లని కూడా కొండ మీదికి కొవ్వొత్తులకి పంపింది.

అంతలో వెంకటకృష్ణారావు పెట్టె దుమ్ము దులిపాడు. కొత్త బల్బులు తెచ్చాడు. "ఈసారి తప్పు జరగదు. తిప్పే చెయ్యి మారింది కదా" అన్నాడు. మళ్ళీ కంకిపాడు బస్సే, మళ్ళీ ఆ ఫారమే. పెద్దకోడలు గంప ముట్టుకోకూడదని అత్తగారి ఆజ్ఞ.

వెళ్ళే ముందు రావమ్మ జడ వేయించుకోవడానికి వసారాలోకి వచ్చి మాణిక్యమ్మ ముందు కూచుంది. "గుడ్లు నా ఒళ్ళో పెట్టుకోవాలట అక్కయ్యా. పగిలితే చంపేస్తారేమో" అంది. ఆ పిల్ల మెడ సన్నగా, చెమటగా ఉంది. పుంజు మాట ఇక జన్మలో ఎత్తకూడదని అనుకుని ఉంది మాణిక్యమ్మ. మూడుపాయలు అల్లి, కొసన రిబ్బను ముడేసింది. వీధిలోంచి మొగుడు కేకేస్తున్నాడు.

"రావమ్మా" అంది, జడ వదలకుండానే. "ఆయన గుడ్లు ఏరుకుంటూ ఉంటాడు. నువ్వు షెడ్డు ముందు ఊరికే నిలబడి విను."

"ఏం వినాలక్కయ్యా?"

"ఏది వినపడటం లేదో అది."