మోటారు లేని పెట్టె

"మనిషి ఇంట్లో ఉండగా మోటారెందుకు?" అన్నాడు భర్త, ఫోన్ ఆమె ముందుకు తోస్తూ.

ఆమె ఆరిన బట్టలు మడతపెడుతోంది. తెర మీద రెండు ఇంక్యుబేటర్లు, అదే, గుడ్లు పొదిగే పెట్టెలు. ఒకదానిలో గుడ్లను మోటారే తిప్పుతుంది. రెండోది వేడి మాత్రమే ఇస్తుంది, పూటపూటకీ తిప్పడం మనిషి పని. తిప్పకపోతే లోపలి పిల్ల పెంకుకు అతుక్కుపోతుందట. ఇంట్లో కోడిగుడ్లు పొదిగించి పిల్లలను తీయాలన్న సరదా ఆయనకు ఈ మధ్యే పట్టుకుంది. సరదాలు ఆయనవి, వాటి వెనక చీపురు ఎప్పుడూ ఆమెది. అంతకు ముందు సరదా చేపల తొట్టి. ఆ నీళ్లూ ఆమే మార్చింది, చేపలు చచ్చేదాకా.

"మోటారున్నదే తీసుకుందామండీ. వచ్చే నెల నుంచి నేను పగలు ఇంట్లో ఉండను కదా," అంది.

ఈ ఒక్క ముక్క అనడానికి పొద్దుటి నుంచి ధైర్యం కూడగట్టుకుంది. పెళ్లికి ముందు ఆమె ఒక కళ్లద్దాల దుకాణంలో చూపు పరీక్షించేది. వచ్చినవాళ్ల ముక్కు మీద ఖాళీ ఫ్రేము పెట్టి, అందులో అద్దాలు మారుస్తూ, "ఇది బాగుందా, ఇదా?" అని అడిగేది. ఎంత పెద్దమనిషైనా ఆ కుర్చీలో బుద్ధిగా కూర్చుని ఆమెకు జవాబు చెప్పేవాడు. ఆ దుకాణం యజమానే మళ్లీ రమ్మన్నాడు. మీ కోసం చోటు ఉంచుతానమ్మా, ఎక్కువ రోజులు మాత్రం ఆగలేను అన్నాడు. అప్పటి నుంచి అంట్లు తోముతూ కూడా ఆమె లోలోపల అద్దాలు మారుస్తూనే ఉంది.

"ఉద్యోగం ఎక్కడికీ పారిపోదులే. పిల్లలు బయటికొచ్చాక చూద్దాం," అన్నాడాయన.

"ఇంట్లో కూర్చుని నాలుగు గుడ్లు తిప్పలేవూ?" అని నవ్వింది అత్తగారు. మోటారు లేని పెట్టె ఖాయమైపోయింది.

తిప్పింది ఏదో, తిప్పనిది ఏదో తెలియడానికి ప్రతి గుడ్డుకూ పెన్సిలుతో ఒకవైపు గీత, ఇంకోవైపు సున్నా పెట్టింది. ఇక ఆమె బతుకు గీతకూ సున్నాకూ మధ్యే. కూరగాయలకు వెళ్తే పరుగున రావాలి, పక్కింటావిడతో మాట మధ్యలో లేవాలి. అది చాలనట్టు అత్తగారు, కోడలు మరిచిపోయి ఉంటుందని, వెనకే వచ్చి ఇంకోసారి తిప్పేసేది. తిప్పినవన్నీ మళ్లీ మొదటికొచ్చేవి.

"మీరు ముట్టుకోకండి అత్తయ్యా."

"సాయం చేసినా తప్పేనా తల్లీ!"

చివరికి అత్తగారు తిప్పినవాటిని సరిచేయడం కూడా ఆమె పనుల్లో చేరింది.

అయినా ఆమెకు ఆ గుడ్ల మీద ప్రేమ పుట్టింది. టార్చి వేసి చూస్తే లోపల ఎర్రటి నరాలు, మధ్యలో కదిలే చుక్క. "త్వరగా రండర్రా, మీరొస్తే నేనూ బయటికెళ్తాను," అని వాటితో గొణిగేది.

ఆఖరి రోజుల్లో గుడ్లు తిప్పకూడదు, మూత అసలే తీయకూడదు. తేమ పోతే లోపలి పొర ఎండి పిల్లను బిగించేస్తుంది. ఆ సంగతి ఇంట్లో ఇద్దరికీ విడమరిచి చెప్పింది. చెప్పి, అత్తగారి మందుల కోసం అలా వెళ్లొచ్చేసరికి పెట్టె చుట్టూ ఆయన ఆఫీసు స్నేహితులు. పెంకు పగులుతోందని వాళ్లకు చూపించడానికి ఆయన మూత బార్లా తీశాడు. ఆమె ఉరికి వెళ్లి మూసింది.

"అబ్బ, ఇంతమాత్రానికే కొంప మునగదులే," అన్నాడు. అందరూ నవ్వారు.

సాయంత్రం దాకా పెట్టెలోంచి కీచుకీచుమని వినిపించింది. తర్వాత వినిపించలేదు. ఒక్క పిల్లా బయటికి రాలేదు.

"రోజంతా ఇంట్లోనే ఉంటావు కదా, ఎలా చచ్చాయి?" అన్నాడాయన. పెరట్లో పూడ్చిందీ ఆమే. ఒక గుడ్డు పగులులోంచి ముక్కు కొన బయటికొచ్చి ఉంది. దాని మీద మట్టి వేయడానికి చేతులు రాలేదు. అయినా వేసింది.

వారం తిరక్కుండా మోటారున్న పెట్టె వచ్చింది. "నిన్ను నమ్ముకుంటే లాభం లేదని తేలిపోయింది. ఇక అన్నీ అదే తిప్పుకుంటుంది," అన్నాడు. మాట గుచ్చుకున్నా ఆమె ప్రాణం లేచొచ్చింది.

"అయితే రేపటి నుంచి దుకాణానికి వెళ్తానండీ."

ఆయన ఆమెను వింతగా చూశాడు. "కరెంటు పోతే? ఎవరో ఒక మనిషి ఇంట్లో ఉండొద్దూ?"

"అదీ నిజమే," అంది అత్తగారు.

ఈసారి ఆ కుర్చీలో తనే కూర్చున్నట్టనిపించింది ఆమెకు. ఇది బాగుందా, ఇదా? ఏ అద్దం పెట్టినా ఒకటే కనిపిస్తోంది. ఈ ఇంట్లోకి ఏ పెట్టె వచ్చినా, దానికి కావలసిన సామానులో తనూ ఒకటి.

వంటింట్లోకి వెళ్లి దుకాణానికి ఫోన్ చేసింది. "నా చోటు ఇంకెవరికైనా ఇచ్చేయండి సార్."

"ఇచ్చేశానమ్మా. మీకెలా చెప్పాలా అని ఆలోచిస్తున్నాను," అన్నాడు యజమాని, తేలికపడ్డ గొంతుతో.

"మంచిదండీ," అంది.

కొత్త గుడ్లను ఒక్కొక్కటే పెట్టెలో పేర్చింది. అలవాటుగా పెన్సిలు అందుకుని, అక్కర్లేదని గుర్తొచ్చి పక్కన పెట్టేసింది. మోటారు గుర్రుమని గుడ్లను ఓ పక్కకు ఒరిగించింది. ఆమె ఒక కుర్చీ లాక్కుని పెట్టె పక్కన కూర్చుంది, కరెంటు ఎప్పుడు పోతుందా అని ఎదురుచూస్తూ.