సిరిసిల్ల వైపు వంగే ఆవిరి

కోరుట్లలో సమ్మవ్వ పొద్దున్నే పొయ్యి ముట్టించేది. ఎండాకాలం జొన్న అంబలి, చలికాలం సజ్జ రవ్వ ఉడికించిన గట్క, వానలు పడితే పెసరపప్పు, సోరకాయ ముక్కలు, ఇంత శొంఠి వేసి కొర్ర గట్క. గిన్నెలో పెట్టగానే ఆవిరి లేచి, గుమ్మం దాటి, దక్షిణానికి వంగేది. సమ్మవ్వ ఎవరి కోసం వండితే ఆవిరి వాళ్ల వైపే పోతుందని వాడకట్టుకంతా తెలుసు. దారిలో తగిలితే పక్కకు జరిగి నడిచేవాళ్లు.

దక్షిణాన సిరిసిల్ల ఉంది. అక్కడ ఆమె మొగుడు హన్మండ్లు మూడేళ్లుగా సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేస్తున్నాడు.

ఇద్దరికీ తగవు గిన్నెడు గట్క దగ్గరే వచ్చింది. అతనికి తిన్నది అరగకపోతే జగిత్యాల ఆయుర్వేద వైద్యుడు, "వానకాలం కడుపుల అగ్గి మందగిస్తది, తేలికది పెట్టు" అన్నాడు. సమ్మవ్వకు పథ్యమంటే పథ్యమే. ఆడబిడ్డ సంబంధానికి చుట్టాలొచ్చిన రోజు కూడా అందరికీ సన్నబియ్యం బువ్వ, కోడికూర వడ్డించి, మొగుడి ముందు గట్క గిన్నె పెట్టింది. గట్క లేనోళ్ల తిండని చిన్నప్పటి నుంచీ విన్న మనిషి అతను. చుట్టాల్లో ఒకడు "ఏంది బావా, నీకు ఇంట్ల బియ్యం దొర్కుతలెవ్వా?" అని నవ్వాడు. హన్మండ్లు గిన్నె ముట్టకుండా లేచాడు. పోయొస్త అనాల్సిన చోట పోత అన్నాడు.

ఆ ఒక్క మాట ఆమెకు ముల్లులా దిగింది. ఎవరు ముందు పిలవాలన్న పంతంలో మూడు వానకాలాలు గడిచాయి. అతను రోజూ గుర్తొచ్చేవాడు. చాలా గుర్తొచ్చేవాడు.

తెలంగాణ కోసం జరిగిన సకల జనుల సమ్మెలో బస్సులు ఆగిపోయాయి. కోరుట్ల సడక్ మీద వంటావార్పు పెట్టారు. వాడకట్టు పెద్ద పరశురాములు పెద్ద గంజు తెచ్చి, "వదినె, గట్క నీ చేతిదే గావాలె" అన్నాడు. రెండు వందల మందికి వండింది. జెండాలు పక్కన పెట్టి జనం విస్తర్ల ముందు వరసగా కూర్చున్నారు. మూత తీయగానే గంజెడు ఆవిరీ వాళ్ల తలల మీదుగా దక్షిణానికి వంగింది.

"గింతమందికి వండినా గాయనకేనా అక్కా?" అంది పక్కింటి గీత.

సమ్మవ్వ సిగ్గుతో తల వంచుకుంది. నవ్వుతారనుకుంది. ఎవరూ నవ్వలేదు.

"మన తెలంగాణ మనకు గావాలంటున్నం," అన్నాడు పరశురాములు. "నీ మనిషి నీకు వద్దా వదినె?"

గీత గిన్నె నింపి, చెయ్యి కాలకుండా గుడ్డ చుట్టి ఇచ్చింది. ట్రాలీ ఆటోలో సమ్మవ్వ కథలాపూర్, రుద్రంగి, వేములవాడ దాటింది. ఊరూరా రోడ్డుకు అడ్డంగా బండరాళ్లున్నాయి. గిన్నె మీది ఆవిరి ఎటు పోతుందో చూసి, ఆటోను ఆపినవాళ్లే రాళ్లు జరిపారు.

సిరిసిల్లలో సాంచాలు కూడా బందే. షెడ్డు అరుగు మీద కూర్చున్న హన్మండ్లు ముఖం దగ్గరికి పోయి ఆవిరి ఆగింది. చిక్కిపోయాడు. ఆమెను చూసి లేవలేదు.

"మూడేండ్ల సంది దినాం పంపిన," అంది సమ్మవ్వ. "అందలేదా?"

"అందింది. దినాం మొకం మీదికే అచ్చేది. నూలు నాని పోగులు తెగుతున్నయని సేటు తిడుతుండె."

"మరి రాకపోతివి."

"నువ్వు రాకపోతివి. ఆవిరికి జవాబు నేను దేంట్ల పంపాలె?"

సమ్మవ్వకు ఏడుపొచ్చింది. ఆవిరి పోతే తను పిలిచినట్టే అనుకుంది ఇన్నాళ్లూ. దాని వెనకాల మనిషి వస్తుందేమోనని అతను రోజూ దారి చూశాడు. చీకటి పడకముందే ఇద్దరూ ఆ ఒక్క గిన్నెలోనే తిన్నారు.

సమ్మె నలభై రెండు రోజులు నడిచింది. ఎప్పుడు పోతవని పక్కవాళ్లు అడిగితే, "బస్సులు నడవనీ" అనేది సమ్మవ్వ. బస్సులు నడిచాయి. కండక్టర్ "కోరుట్ల, కోరుట్ల" అని గొంతు చించుకుంటున్న పొద్దున, అతని అద్దె గదిలో ఆమె గట్క దించి మూత తీసింది. ఆవిరి ఎటూ వంగలేదు. పొయ్యి దగ్గర కూర్చున్న ఇద్దరి మధ్యే నిలబడింది. బస్సు సంగతి ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.