బావ నోటి ‘మనం’

ఊరికే ఎవరూ నదొడ్డున భోజనం పెట్టరని పిన్నికి తెలుసు. అయినా బావ, ఈ ఆదివారం మనం నది పక్క పెద్ద హోటలుకి వెళ్దామనగానే, ఉన్నవాటిలో మంచి బట్టలు తీసి ఇస్త్రీ చేసుకుంది.

ఆమెను పిన్ని అని పిలవాల్సింది నిజానికి ఒక్కతే, అక్క కూతురు. ఆరేళ్ల పిల్ల. మనిషి ఇంత, ఘాటు అంత. అందుకే ఇంట్లో మిరియం అని పేరు పడింది. అది వీధి చివరిదాకా వినబడేలా పిన్నీ పిన్నీ అని అరవబట్టి, పాలు పోసేవాడి దగ్గర్నుంచి కర్టెన్లు కుట్టించుకునేవాళ్ల దాకా అందరికీ ఆమె పిన్నే అయిపోయింది. అక్క పురుటికి ఒక నెల సాయం ఉందామని వచ్చింది. అక్కకి ఆసుపత్రి ల్యాబులో రాత్రనక పగలనక డ్యూటీలు, బావకి వంతెనలు కట్టే కంపెనీలో కాలికి బలపం కట్టుకుని తిరిగే ఉద్యోగం. పిల్ల వచ్చి పిన్ని ఒళ్లో పడింది. నెల కాస్తా ఏళ్లయింది. ముందుగదిలో కుట్టుమిషను, దాని పక్కన ఉయ్యాల. మిషను చప్పుడు ఆగితే పిల్ల లేచి కూర్చునేది.

ఇప్పుడు బావకి వేరే ఊళ్లో పెద్ద ఉద్యోగం వచ్చింది. అక్కడ మనకి మంచి ఇల్లిస్తారు, మనం హాయిగా ఉండొచ్చు అని అన్నం తింటూ చెప్పాడు. పిన్ని ఆ ‘మనం’ పట్టుకుని మనసులోనే ఊరు దాటేసింది. కొత్తగా గుడ్డ తెచ్చినవాళ్లకి ఇక కుట్టడం లేదని చెప్పి పంపింది. అంత బరువు అంత దూరం ఎవరు మోస్తారులే అని, నిన్ననే మిషను కూడా ఎదురింటావిడకి ఇచ్చేసింది. ఇంట్లో ఎవరూ ఇంకా చూడలేదు.

అయినా లోపల పురుగు తొలుస్తూనే ఉంది. నన్ను కూడా తీసుకెళ్తున్నారా అని నోరు తెరిచి ఒక్కమాట అడిగితే తేలిపోయేది. అడగలేదు. అలా అడిగితే, అడగవలసిన మనిషినని తనే ఒప్పుకున్నట్టు అవుతుంది కదా.

హోటలు గోడలన్నీ అద్దాలే. అవతల నది, నదిలో దీపాలు పెట్టుకున్న పడవలు, ఇంకా పూర్తిగా చీకటి పడని ఆకాశం. లోపల జనం దొంగల్లా గుసగుసలాడుకుంటూ తింటున్నారు. పిన్ని అలవాటుకొద్దీ బల్లమీది గుడ్డ అంచు తిరగేసి చూసింది. కుట్టు ఫరవాలేదు, మూల దగ్గర మాత్రం ఎవరో తొందరపడ్డారు. సూపు వచ్చింది. గిన్నె చూస్తే పెళ్లివారిది, అందులో పదార్థం చూస్తే జ్వరపడి లేచినవాడిది. మిరియం దాన్ని రెండు గుక్కల్లో తాగేసి, అన్నం ఎప్పుడని అడిగింది.

నల్లకోటు వేసుకున్న సర్వరు వచ్చి నిలబడ్డాడు. బావ వెనక్కి వాలి, చనువుగా అడిగాడు.

“మన దగ్గర ఇవాళ చేప ఏది బాగుంటుందండీ?”

ఆ మాటకి పిన్ని చెయ్యి చెంచా మీదే ఆగిపోయింది. మన దగ్గరట. ఈ హోటలు గుమ్మం బావ ఎన్నడూ తొక్కలేదు, ఈ సర్వరు ముఖం ఎన్నడూ చూడలేదు. అయినా ‘మన దగ్గరే’. ఆలోచిస్తే బావకి లోకంలో మనది కానిది ఏదీ లేదు. మన పెట్రోలు బంకు, మన పళ్లడాక్టరు. ఒకసారి రోడ్డుమీద పోలీసు ఆపితే, మన సిగ్నలు ఇంకా పడలేదనుకున్నానండీ అని చెప్పిన ఘనుడు. బావ నోట ‘మనం’ అంటే గుమ్మం ముందు పరిచిన గోనెపట్టా. ఎవరైనా కాళ్లు తుడుచుకోవచ్చు. అంతమాత్రాన లోపలికి రమ్మన్నట్టు కాదు. ఇన్నేళ్లుగా వింటూ, ఇంత చిన్న సంగతి తనకెందుకు తట్టలేదో పిన్నికి అర్థం కాలేదు. వినాలనుకున్నది విన్నాను, అంతే అనుకుంది.

అక్క అలా కాదు. అక్క మాట తూచినట్టు ఉంటుంది. మరి ఈ నెల్లాళ్లుగా అక్క ఏమంది? పిన్ని వెనక్కి వెళ్లి వెతుక్కుంది. ‘మనం’ అనలేదు, ‘మేం’ అనలేదు. వెళ్తాం, ఉంటాం, చూస్తాం అంటూ వట్టి క్రియలతో నెట్టుకొచ్చింది. వెళ్తాంలో తను ఉందో లేదో ఏ వ్యాకరణం చెబుతుంది?

చేప వచ్చింది. పిన్ని ఎప్పటిలాగే ముళ్లు తీసి, ముక్కలు మిరియం పళ్లెంలో పెడుతోంది. పిల్ల చూడకుండానే నోరు తెరుస్తోంది. అక్క తినడం మానేసి ఆ చేతినే చూస్తోంది. పిల్ల తినడం అయిపోగానే అక్క బావ వైపు ఒక చూపు చూసింది. అంతే, పిల్లకి పడవలు దగ్గర్నుంచి చూపించాలని బావకి ఉన్నట్టుండి గుర్తొచ్చింది. కష్టమైన మాట వచ్చేచోట నిలబడ్డం బావ జాతకంలోనే లేదు. పిల్లని ఎత్తుకుని బయటి వరండాలోకి వెళ్లిపోయాడు.

“మేం వచ్చే నెల మొదట్లో వెళ్తున్నాం” అంది అక్క.

మేం. పిన్ని ఆ మాట వింది, మిగతావన్నీ ఎక్కడో దూరం నుంచి వినబడ్డట్టున్నాయి. అక్క చెప్పుకుపోతూనే ఉంది. బావ వాళ్లమ్మ వచ్చి ఉంటుందట, పిల్లని ఆవిడ చూసుకుంటుందట, అక్కడ తనకి పగటి ఉద్యోగమే దొరికిందట. నిన్ను ఇన్నాళ్లూ కట్టిపడేశాం, ఇకనైనా నీ బతుకు నువ్వు చూసుకోవాలి కదా అంది. ముందే రాసుకుని బట్టీపట్టిన పాఠంలా ఉంది.

“నిన్న మిషను ఇచ్చేశానక్కా” అంది పిన్ని.

“ఎందుకు?”

అడిగాక అక్కకే అర్థమైంది. బట్టీపట్టిన పాఠం అక్కడితో తెగిపోయింది.

“నువ్వేం తప్పు చెయ్యలేదే. అదే నా ఏడుపు” అంది అక్క, గొంతు తగ్గించి. “రాత్రి పీడకల వచ్చి లేస్తే అది నన్ను పిలవదు. పక్కనే పడుకున్నా పిలవదు. నన్ను దాటుకుని నీ గదిలోకి వస్తుంది. నువ్వు వెంట వస్తే నేను ఎప్పటికీ దానికి డ్యూటీకి వెళ్లే మనిషినే.”

పిన్ని నాలుక చివర చాలా మాటలున్నాయి. అది జ్వరంతో మూలుగుతుంటే నువ్వెక్కడున్నావని అడగొచ్చు. కడిగేయొచ్చు. కానీ అక్క ఎక్కడుందో తనకి తెలుసు. ఆ ల్యాబులో నిలబడి, ఈ ఇల్లు నడిచే జీతం తెస్తోంది. కోపం వచ్చింది, ఆ కోపానికి నిలబడే చోటు దొరకలేదు.

“దానికి నువ్వే చెప్పాలి” అంది అక్క. “నువ్వు చెబితేనే వింటుంది. తర్వాత వస్తానని చెప్పు, చాలు. మెల్లగా అదే మర్చిపోతుంది.”

మన వేలితో మన కన్నే పొడుచుకోవడం అంటే ఇదే కాబోలనుకుంది పిన్ని. ఇంతలో బావ రానే వచ్చాడు. మిరియం అతని చంకలోంచి జారి, తిన్నగా పిన్ని ఒళ్లోకి ఎక్కి కూర్చుంది.

తర్వాత వస్తాను. రెండే మాటలు, నోటిదాకా వచ్చాయి. కానీ సూది వేయించేటప్పుడు కూడా, కాస్త నొప్పి పెడుతుందమ్మా అని నిజం చెప్పి మరీ చెయ్యి పట్టుకున్న మనిషి పిన్ని. ఈ పిల్లకి ఇంతవరకు ఒక్క అబద్ధం చెప్పలేదు. చివరికి అదే మిగిల్చి పంపడం ఆమెకి చేతకాలేదు.

“వచ్చే నెల మీరు కొత్త ఊరికి వెళ్తున్నారమ్మా” అంది.

మిరియం కిసుక్కున నవ్వింది.

“నన్ను మీరు అంటావేంటి పిన్నీ? నేనేమన్నా మా టీచర్నా?”

బావ కూడా నవ్వబోయాడు. అక్క చూసిన చూపుకి ఊరుకున్నాడు.

“నిన్నొక్కదాన్నే కాదు. మీరు ముగ్గురూ వెళ్తారు” అంది పిన్ని.

ముగ్గురనగానే మిరియానికి హుషారు వచ్చింది. బడిలో కొత్తగా లెక్కలు నేర్పుతున్నారు. ఎడమచెయ్యి పైకెత్తి, ఒక్కో వేలు తెరిచింది.

“పిన్ని. నేను. నాన్న. ముగ్గురం.” వేళ్లు సరిగ్గా సరిపోయాయని మురిసిపోయి, తర్వాత అక్క వైపు జాలిగా చూసింది. “అమ్మకి డ్యూటీ ఉందా?”

ఒక్క క్షణం పిన్నికి గెలిచాననిపించింది. అప్పుడు అక్క ముఖం చూసింది. అక్క ఏడవడం లేదు. ఇది తనకి ముందే తెలుసన్నట్టు, గ్లాసులో నీళ్లవైపు చూస్తూ కూర్చుంది. పిన్నికి తన గెలుపు మీద తనకే సిగ్గేసింది.

ఆమె మిరియం చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. అన్నిటికంటే ముందు పిన్ని అంటూ తెరిచిన వేలిని మెల్లగా మడిచింది.

“తప్పు లెక్కపెట్టావమ్మా” అంది. “మళ్లీ పెట్టు. ఈసారి అమ్మ దగ్గర్నుంచి మొదలుపెట్టు.”